కుండ మరిగేదాకా

నమోదు 1. ఆదివారం. గాలి నెమ్మది.

వైద్యాధికారి రోజూ ఈ పుస్తకంలో నాలుగు ముక్కలు రాయాలన్నది ఏడో లంక నియమం. రాసింది కొట్టెయ్యకూడదు, పేజీ చింపకూడదు. పదహారేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. కాబట్టి ఈ రోజు నిజం రాస్తాను. నూకరత్నం గుమ్మానికి పొద్దున మూడో చేప కట్టారు. అది చూసినప్పటినుంచి నాకు కాఫీ సహించడం లేదు.

చేప కట్టడం లంకలనే మా తేలే ఊళ్ళ ఆచారం. ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంటే, బతికించినవాళ్ళ గుమ్మానికి ఆ ఇంటివాళ్ళు ఒక పచ్చి చేపను తాడుతో కడతారు. ఆ రోజు నుంచి వాళ్ళని రెండో అమ్మ అనో, రెండో నాన్న అనో పిలుస్తారు. నా పరిశోధన పుణ్యమా అని ఈ ఊళ్ళో బతికి తిరుగుతున్నవాళ్ళు నాలుగు వందల పైచిలుకు. నా గుమ్మానికి ఇంతవరకు ఒక్క మెత్తళ్ళ దండ కూడా వేలాడలేదు.

ఎందుకంటే వాళ్ళని బతికించింది దమ్ముపెట్టె. ఎవరి గుండె ఆగినా ఛాతీకి అంటించి ఉన్న పట్టీ కేక పెడుతుంది. పట్టాల మీద పెట్టె పరిగెత్తుకొస్తుంది. ఛాతీ నొక్కుతుంది, గొంతులోకి గొట్టం దించి గాలి కొడుతుంది. ఎంత లోతు నొక్కాలో, ఎంత వేగంగా నొక్కాలో, ఎప్పుడు ఆపాలో దానికి నేర్పింది నేను. ఇరవై ఆరేళ్ళ చాకిరీ అది. జనం మాత్రం పెట్టెకి పసుపు రాసి దండం పెడతారు. దానికి నేర్పిందెవరని ఒక్కరు అడిగితే ఒట్టు.

నూకరత్నం డాక్టరు నా దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్న పిల్ల. పిల్ల అని నేనంటున్నాను గాని నలభై దాటాయి. అది బతికించిన ముగ్గురూ ఎలాంటివాళ్ళంటే, పెట్టె ముప్ఫై ఎనిమిది నిమిషాలు కొట్టి ఇక లాభం లేదని ఆపేసినవాళ్ళు. పెట్టె ఆపిందంటే నేను ఆపినట్టే. నేను పోయారన్నవాళ్ళు దాని పక్కన లేచి కూర్చుంటున్నారు.

మూడో చేప చందువా. పళ్ళెమంత ఉంది.

నమోదు 2. సోమవారం. ఎండ.

ఇంటి కప్పు మీది సౌర పలకలకి పట్టిన ఉప్పు గీకే వారం ఇది. పక్క కప్పు మీద నూకరత్నం కూడా గీకుతోంది. తల వంచుకుని గీక్కుపోదామనుకున్నాను, సాగనివ్వలేదు.

"చెయ్యి నొప్పి తగ్గిందాండి మేడం? మీ పలకలు కూడా నేనే గీకేస్తానుండండి."

"నా చెయ్యి సంగతి తర్వాత. నీ సంతకం సంగతి చెప్పు."

పెట్టె ఆగాక డాక్టరు సంతకం పెడితేగాని దాని తాళం విడదు, ఇంకో ఇంటికి కదలదు. తొమ్మిది వేల మందికి ఉన్నవి రెండే పెట్టెలు. నూకరత్నం ఒక్కో చావు దగ్గర పది పన్నెండు నిమిషాలు సంతకం పెట్టకుండా కూర్చుంటోందని సంఘానికి ఫిర్యాదులు వెళ్ళాయి. రెండు వెళ్ళాయి. ఒకటి నాదే.

"మావాళ్ళ పద్ధతండి అది" అంది, గీకడం ఆపకుండా. "మనిషి పోతే స్నానానికి పొయ్యి మీద కుండ పెడతాం కదండీ. అది మరిగేదాకా ఎవరూ పోయారనకూడదు, ఏడవకూడదు. మూతికి ఏ అడ్డమూ లేకుండా చూసి, పక్కన చెయ్యి పట్టుకుని కూర్చుంటామండి. మా నాన్న దగ్గరా అలాగే కూర్చున్నాను. ఆయన లేవలేదనుకోండి."

"ఇది వైద్యమా, వంటా?"

"ముగ్గురు లేచారు కదండీ."

"పెట్టె కొలత తప్పి ఉంటుంది."

"దానికి కొలత నేర్పింది మీరు కదండీ, ఎలా తప్పుద్ది?" అని నవ్వింది. వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అంది. వెటకారమైతే తిట్టడానికి నాకు వీలుండేది.

ఆ కూర్చోవడం నాకు తెలియనిదా? ఒకప్పుడు అన్ని లంకల్లోనూ పెట్టె ఆగాక పది నిమిషాలు చూడాలన్న నియమం ఉండేది. తొమ్మిదేళ్ళు నేనూ చూశాను. పదకొండు వందల నలభై మంది. ప్రతి మనిషి దగ్గరా పది నిమిషాలు, పట్టీ మీద కన్ను. ఒక్క గుండె, ఒక్కటంటే ఒక్కటి, తిరిగి కొట్టుకోలేదు. ఆ లెక్క చూపించి ఆ పది నిమిషాలు తీయించాను. పెట్టె తొందరగా విడుదలై ఇంకొకరిని అందుకుంటుంది కదా. దాన్నే ఇందుమతి నియమం అంటున్నారు. ఇందుమతి అంటే నేనే. నాకు పిల్లలు లేరు, ఇల్లు సంఘానిది, అరవై ఒకటో ఏడు నడుస్తోంది. నాదంటూ ఉన్నది ఆ నియమం ఒక్కటే.

నా పలకలు కూడా అదే గీకింది. నాకంటే శుభ్రంగా గీకింది.

నమోదు 3. మంగళవారం.

సంఘం కార్యదర్శి విశ్వపతి గారు స్వయంగా వచ్చారు. కొత్త పెట్టెలు తయారవుతున్నాయట, పద్నాలుగు లంకలకీ. వాటిలో నా నియమాన్ని శాశ్వతంగా బిగించేస్తారట. ఇక సంతకం పనే లేదు. ముప్ఫై ఎనిమిదో నిమిషంలో పెట్టె తనంతట తను లేచి వెళ్ళిపోతుంది. ప్రతి పెట్టె మూత మీద నా పేరు చెక్కుతారట.

"దానికి ముందు నూకరత్నం గారి వ్యవహారం తేలాలమ్మా" అన్నారాయన. "శుక్రవారం విచారణ. మీరు నివేదిక ఇస్తే చాలు. తప్పని మీరంటే ఆవిడ వైద్యం చేసే అనుమతి రద్దు చేసేస్తాం."

"చూసి రాస్తానండి" అన్నాను, చాలా భారంగా ఉన్నట్టు మొహం పెట్టి.

ఆయన అటు వెళ్ళగానే నెలకి సరిపడా దాచిన బెల్లమంతా వేసి పరమాన్నం వండుకున్నాను. రెండుసార్లు వడ్డించుకున్నాను. సిగ్గుపడుతున్నానని రాయాలి కాబోలు. పడలేదు.

నమోదు 4. బుధవారం. సముద్రం పోటు మీద ఉంది.

సంతకం ఆలస్యం ఒక్కటే అయితే కేసు పలచగా ఉంటుందనిపించింది. నూకరత్నం మీద ఇంకేమైనా దొరుకుతుందేమోనని పొద్దున్నుంచి రిజిస్టర్లన్నీ తిరగేశాను. మంచినీళ్ళ రిజిస్టరులో దొరికింది. దానికి డ్యూటీ పడిన ప్రతి చావుకీ కడుగు షెడ్డులో మూడు లీటర్లు అదనంగా ఖర్చయింది. మనిషికి రోజుకి తాగడానికి రెండే లీటర్లిచ్చే ఊళ్ళో మూడు లీటర్ల దుబారా! ఎగిరి గంతేసినంత పనైంది. సాక్ష్యం పట్టుకుందామని కడుగు షెడ్డుకి వెళ్ళాను.

ఇరవై ఆరేళ్ళలో ఆ షెడ్డులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. అక్కడ ధనమ్మ అని ఒకామె, పోయినవాళ్ళ గొంతు గొట్టాలు తీసి కడుగుతుంది. ఆమె భర్త గవరయ్య, పడవల్ని ఒకదానికొకటి కట్టే తాళ్ళ మేస్త్రీ. మా ఊరు తొంభై పడవలు కలిపి కట్టిన ఊరు. ఆ ముడులన్నీ గవరయ్యవే.

"నూకరత్నమ్మగారియ్యా?" అంది ధనమ్మ. "ఆయమ్మ గొట్టానికి బిరడా మనిసి పోయినకాడే పీకేత్తారండి. ఎంగిలి కారిపోద్ది కదండీ, ఎండిపోకముందే ఎంటనే కడిగెయ్యాలి. అందుకే మూడు లీటర్లు. మిగతా డాట్రుగార్లంతా బిరడాతోనే పంపుతారు. అయ్యి పదేసి కలిపి ఒకేసారి కడిగేత్తామండి."

బిరడా సంగతి నాకు తెలుసు. పెట్టె ఆగగానే తనే గొట్టం మూతికి బిరడా బిగిస్తుంది. అది నా పరిశోధన మొదలుపెట్టకముందే, నీళ్ళు ఆదా చెయ్యడానికి పెట్టిన పద్ధతి. షెడ్డుకి చేరేదాకా తియ్యకూడదు. ఎవరూ తియ్యరు. నేనూ తియ్యలేదు.

అక్కడి బల్ల మీద ఒక ముసలాయన ఉన్నాడు, ఉదయం పోయినాయన. ధనమ్మ మాట్లాడుతూనే బిరడా లాగింది. ఉస్సుమని పెద్ద గాలి. ఆయన ఛాతీ నాలుగు వేళ్ళ లోతు దిగిపోయింది.

"ఏమిటది?"

"ఊపిరండి. అందరూ వదుల్తారు, బిరడా తియ్యగానే. మేం ఆఖరి నిట్టూర్పంటామండి" అంది ధనమ్మ. "మీకు తెలీదాండి?"

నేను అక్కడున్న పీప మీద కూర్చుండిపోయాను. పెట్టె ముప్ఫై ఎనిమిది నిమిషాలు గాలి కొడుతుంది. కొట్టినదంతా బయటికి రాదు. కొంచెం కొంచెంగా లోపల పేరుకుని ఛాతీ బిగిసిపోతుంది. బిగిసిన ఛాతీలోకి రక్తం తిరిగి రాలేదు. రక్తం రాని గుండె దేన్ని కొడుతుంది? బిరడా తీస్తే గాలి పోతుంది, రక్తం వస్తుంది, కొన ఊపిరి మిగిలిన గుండె ఒక్కోసారి అందుకుంటుంది. ఎందరిలోనో చెప్పలేను, వందకి ఒకరేమో. కాని పదకొండు వందల నలభై మంది దగ్గర నేను బిరడా తియ్యకుండా కూర్చుని, ఒక్కరూ లేవడం లేదని లెక్క రాసుకున్నాను.

నూకరత్నానికి ఇదేమీ తెలియదు. పోయినవాళ్ళ మూతికి అడ్డం ఉండకూడదని ఎవరో అమ్మమ్మ చెబితే తీసేస్తోంది. నేను ఇరవై ఆరేళ్ళు చదివి మూసి ఉంచినదాన్ని అది ఏమీ చదవకుండా తెరిచింది. ఆ చనిపోయినవాళ్ళ కంటే ముందు ఈ సంగతే నన్ను కాల్చింది. రాయక తప్పదు, అదే నిజం.

నమోదు 5. గురువారం.

ఉదయం నివేదిక రాశాను. సంతకం ఆలస్యం, నీళ్ళ దుబారా. బిరడా గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇంకా పరీక్షలు చెయ్యాలి, తొందరపడకూడదు, కొత్త పెట్టెలు వచ్చాక నిదానంగా నేనే కనిపెట్టినట్టు ప్రకటించవచ్చు అని నాకు నేనే చెప్పుకున్నాను.

మధ్యాహ్నం పన్నెండుకి పట్టీ కేక వినిపించింది. నూకరత్నం ఊరి ఆ చివరనుంది. దగ్గరున్నది నేనే, పరిగెత్తాను. గవరయ్య. అన్నం ముందు కూర్చుని అలాగే పక్కకి ఒరిగిపోయాడట. పెట్టె అప్పటికే మీదికెక్కి నొక్కుతోంది. ధనమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

ముప్ఫై ఎనిమిది నిమిషాలు. పెట్టె ఆగింది. గొట్టానికి బిరడా బిగించింది. నా సంతకం కోసం పచ్చ దీపం వెలిగింది.

ధనమ్మ ఏడవలేదు. లోపలికెళ్ళి పొయ్యి మీద కుండ పెట్టి వచ్చి, ఆయన తల దగ్గర కూర్చుంది. తర్వాత నా వైపు చూసింది.

"అమ్మగారూ, బిరడా తియ్యనాండీ?"

"ఉండు" అన్నాను.

ఎందుకన్నానో నాకు స్పష్టంగా తెలుసు. గవరయ్య లేస్తే రేపటి విచారణ ఉండదు. నా నివేదిక చిత్తు కాగితం. నా పేరు చెక్కిన మూతలు ఉండవు. ఊరంతా నూకరత్నాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. పెట్టెలన్నిటికీ అది అమ్మవుతుంది, నేను పదకొండు వందల నలభై మందికి బిరడా తియ్యనిదాన్నవుతాను. లేవకపోతే ఏ గొడవా లేదు. ఎలాగూ ముప్ఫై ఎనిమిది నిమిషాలయిపోయాయి, ఎవరూ నన్ను అడగరు. సంతకం పెట్టే కలం చేతిలోకి తీసుకున్నాను. పెట్టలేదు. బిరడా మీద చెయ్యీ వెయ్యలేదు. అలా నిలబడ్డాను.

ధనమ్మ మళ్ళీ అడిగింది.

"తీత్తే నీళ్ళు కర్చయిపోతాయని సూత్తన్నారాండి? నా వాటా నీళ్ళు పట్టుకుపోండి. ఈ వారమంతా నేను తాగనండి."

అప్పుడు తీశాను. నా చేత్తోనే లాగాను. ఉస్సుమని గాలి వచ్చింది, ఛాతీ దిగింది. పట్టీ చప్పుడు చెయ్యలేదు. ధనమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. నేను రెండో చెయ్యి పట్టుకున్నాను. ఎంతసేపని లెక్కపెట్టలేదు. నా జీవితంలో లెక్కపెట్టకుండా కూర్చున్నది అదే మొదలు.

పట్టీ ఒకసారి టిక్కుమంది. మళ్ళీ ఏమీ లేదు. మళ్ళీ టిక్కుమంది, వెంటనే ఇంకోటి, ఆ వెనకే ఇంకోటి. లోపల కుండలో నీళ్ళకి ఇంకా బుడగలైనా రాలేదు.

నమోదు 6. శుక్రవారం.

విచారణకి సగం ఊరు వచ్చింది. నేను నివేదిక మడిచి కొంగులో పెట్టుకుని, నోటితో చెప్పాను. బిరడా సంగతి, గాలి సంగతి, నా తొమ్మిదేళ్ళ లెక్క మొదటినుంచీ తప్పన్న సంగతి. పదకొండు వందల నలభై అన్న అంకె పలికేటప్పుడు వెనక వరసలో ఒకావిడ లేచి వెళ్ళిపోయింది. ఆవిడ భర్త ఆ లెక్కలో ఉన్నాడేమో, నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కూడా నా తప్పే.

విశ్వపతి గారు నా వైపు తిరిగారు. "కొత్త పెట్టెల్లో ఏం బిగించమంటారు మరి?" అని అడిగారు.

"ముందు బిరడా తియ్యాలి. తర్వాత కుండ మరిగేంతసేపు కూర్చోవాలి. పెట్టె వెళ్ళిపోవచ్చు, మనిషి మాత్రం ఉండాలి. అప్పుడు రెండోవాళ్ళకీ ఆలస్యం కాదు."

"నియమానికి ఏం పేరు పెట్టమంటారు?"

నా చేత్తోనే నూకరత్నం నియమం అని రాసిచ్చాను. రాస్తుంటే కడుపు మండింది. మంచిపని చేస్తే మనసు తేలికపడుతుందంటారు, ఎవరికి పడిందో ఏమో.

బయట మెట్ల దగ్గర నూకరత్నం నా కోసం ఆగింది. గవరయ్య దాని వార్డులోనే ఉన్నాడు. స్పృహ వచ్చింది, మాట వచ్చింది, కుడిచెయ్యి మాత్రం చెప్పినట్టు వినడం లేదంది. తర్వాత గొంతు తగ్గించింది.

"పట్టీ ఛాతీ కదలిక కూడా రాస్తుంది కదండీ, చూశాను. పెట్టె ఆగాక నాలుగు నిమిషాల పది సెకన్లకి బిరడా తీసినట్టుంది."

ఆ ముక్క నేను సభలో చెప్పలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పాల్సింది నేను కాదు కదండీ."

ఇంకొకరైతే నన్ను నలుగురిలో నిలబెట్టి కడిగేసేవారు. దీనికి ఆ మాత్రం చెడ్డతనం కూడా చేతకాదు. ఆ మంచితనానికి కూడా నాకు ఒళ్ళు మండింది.

నమోదు 29. ఆదివారం. గాలి లేదు.

తలుపు తీసేసరికి నా గుమ్మానికి చేప కట్టి ఉంది. పండుగప్ప, మూరెడు పొడుగు. ముడి మాత్రం వంకరగా, వదులుగా, మూడు చుట్లు ఎక్కువ చుట్టి ఉంది. ఎవరి ముడో చూడగానే తెలిసింది.

ఇరవై ఆరేళ్ళు ఈ చేప కోసం ఏడ్చాను. ఇప్పుడది నా గుమ్మానికి ఉంటే, ఇరుగుపొరుగు చూసి పలకరిస్తుంటే, లోపలికి తీసుకెళ్ళి కత్తిపీట వెయ్యడానికి చేతులు రాలేదు. తాడుతో సహా గుమ్మం మేకు నుంచి తీసి, చేప పట్టుకుని గవరయ్య ఇంటికి వెళ్ళాను.

నూకరత్నం అక్కడే ఉంది, ఆయన కుడి చేతికి నూనె రాసి వేళ్ళు కదిలిస్తోంది. గవరయ్య నన్ను చూసి లేవబోయాడు.

"రండి రండి, రెండోమ్మా" అన్నాడు. నాలుక కొంచెం మందంగా ఉంది. "చేప బాలేదాండి? ముందు నూకరత్నమ్మ గుమ్మానికే కట్టబోయేనండి. బిరడా తీసింది నేను కాదు, మేడమే అని, ఆరి గుమ్మానికి కట్టమని తిట్టారండి ఆయమ్మ."

నూకరత్నం తల ఎత్తలేదు. నూనె రాస్తూనే ఉంది. ధనమ్మ పీట వేసింది. నేను కూర్చోలేదు.

"గవరయ్యా, నేను బిరడా వెంటనే తియ్యలేదు. తియ్యాలని నాకు తెలుసు. ముందు రోజే తెలుసు. ధనమ్మ అడిగినా ఉండమన్నాను. నువ్వు లేస్తే నూకరత్నానికి పేరొస్తుందని నాలుగు నిమిషాలు ఆగాను. నీ చెయ్యి అందుకే పోయిందని ఖాయంగా చెప్పలేను. కాదనీ చెప్పలేను."

ధనమ్మ చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది, నాకివ్వడానికి తెచ్చింది. అలాగే పట్టుకుని నిలబడిపోయింది. గవరయ్య తన కుడి అరచేతిని చూసుకున్నాడు.

"నాలుగు నిమిసాలంటే" అన్నాడు, "పెద్ద పడవకి ముడి ఏసేద్దునండి నేను. తుపానొచ్చినా ఊడదు."

తిట్టలేదు. చేప వైపు ఎడమచెయ్యి చాపాడు. ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని, పొద్దున తను కట్టిన ఆ వంకర ముడిని ఒంటి చేత్తో విప్పడం మొదలుపెట్టాడు. తాడు తడిసి బిగుసుకుపోయింది. వేలు జారింది, మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. చూడలేక సాయం చెయ్యబోయాను.

"ఉండండి" అన్నాడు.

ఉన్నాను. ఆ ముడి విడడానికి నాలుగు నిమిషాల కంటే చాలా ఎక్కువే పట్టింది. అంతసేపూ ఎవరూ నన్ను కూర్చోమనలేదు.